ఒక్కరు తప్ప

పెన్ను నాకాడ ఉంది సార్. మాటిమాటికీ అట్ల మీ పెన్ను ముందుకు తొయ్యాకండి. పెన్ను లేక కాదు నేను కూర్చునుండేది.

మూడు గంటలదాకా టైముంది గదా? ఆ బోర్డు మీద మీ చేత్తోనే రాసినారు, నామినేషన్ ఉపసంహరణకు గడువు మూడు గంటలు అని. మీ అక్షరాలు ఏం మారలే సార్. హైస్కూల్లో నల్లబల్ల మీద 'ప్రజాస్వామ్యం' అని రాసి కింద గీత గీస్తాంటిరి చూడండి, అదే గుండ్రం, అదే గీత.

బయట ఆ తెల్లబండ్లోళ్లకు తొందర. టపాకాయలు వానకు తడుస్తాయని వాళ్ల భయం. తడవనీ. నాకేం తొందర? మీకు మాత్రం ఏం తొందర? క్యారియర్ మూత తీసి నన్ను చూసి మళ్ల పెట్టేసినారు. తినండి సార్, నేనేమీ అనుకోను. నాకైతే ఆకలి లేదు. పొద్దున్నుంచి నాకు ఏదీ లేదు. కోపం లేదు, ఏడుపు లేదు. పన్ను పీకేముందు డాక్టరు సూదేస్తాడే, ఆ దవడ ఎట్లుంటాది? కొరుక్కున్నా తెలీదు. ఒళ్లంతా అట్ల ఉంది.

పెడతా సార్, సంతకం పెడతా. పెట్టనని యాడ చెప్పినా? మా ఊరి సర్పంచి పోటీలో ఉండేది ఇద్దరు. నేనొకణ్ణి, పెద్దింటి శరత్ చంద్ర ఒకడు. నేను తప్పుకుంటే మిగిలేది ఒక్కడు. ఒక్కడే మిగిలితే మీరు లేచి నిలబడి 'ఏకగ్రీవం' అని చదవాల. అంతే గదా రూలు? రూలు నాకు తెలుసు సార్. ప్రొద్దుటూరులో కోచింగ్ సెంటర్లో నేను పిల్లోళ్లకు చెప్పేది ఇదే.

కానీ పెట్టేముందు ఒక మనిషి గురించి చెప్పాల మీకు. మీరు మాకు ఎంతమంది గురించి చెప్పినారు! నేను మీకు ఒక్కరి గురించి చెప్తా. మా ఊరి బస్టాండు కాడ ఫ్లెక్సీలో ఉన్నింది చూడండి, తెల్లగడ్డం, నల్లమొగం... ఆయన.

నవ్వినారా? లేదా? నవ్వినట్లనిపించిందిలే. ఊరంతా నవ్వింది, మీరు నవ్వితే తప్పేముంది.

ఆయన పేరు సైలస్ పెటిగ్రూ. మా అమ్మకు నోరు తిరక్క సీలయ్య అంటాది. ఊర్లో ఇప్పుడు అందరికీ సీలయ్యే. అమెరికాలో కింది పక్క ఒక రాష్ట్రం. మనకు అసెంబ్లీ ఉన్నట్లే వాళ్లకూ రాష్ట్రానికొక శాసనసభ. అందులో ఒక మెంబరు. నూటయాభై ఏండ్ల కిందట. పేరున్నోడేం కాదు సార్. ఆయనకు విగ్రహం లేదు, వీధికి ఆయన పేరు లేదు. ఆ సభ నడిచినప్పటి రికార్డులు ఫోన్లో దొరుకుతాయి. ఏదో వెతుకుతాంటే ఈయన తగిలినాడు.

పుట్టడం బానిసగా పుట్టినాడు. పశువుకు పుట్టిన తేదీ యాడుంటాది, అట్లే ఆయనకూ లేదు. పని ఏందంటే ఇంటి కప్పులు. ఆడ మన మాదిరి మట్టి పెంకులు కాదంట, చెక్కను పలచగా చీల్చి, వరుసలు వరుసలుగా పేర్చి, మేకులు కొడతారంట. దొర ఇంటికీ, దొర చుట్టాల ఇండ్లకూ కప్పులేసేది ఈయనే.

యుద్ధమైపాయ. బానిసతనం పాయ. ఓటొచ్చె. మీటింగు పెట్టినారంట, మనలో ఎవరు నిలబడతారు అని. ఎవరూ నోరెత్తలే. అప్పుడు సీలయ్య ఆ పక్కింటి కప్పు మీద మేకులు కొడతాండాడు. మీటింగులో ఎవడో ఒకడు, "పైనున్నాడే, అందరికీ కనిపిస్తాండాడు, ఆయన్నే పెడదాం" అన్న్యాడంట. గెలిచినాడు సార్! దిగి, చేతులు కడుక్కొని, అసెంబ్లీకి పోయినాడు.

పోయి ఏం చేసినాడంటారా? ఏం చేయలే. వెనక బెంచీలో కూర్చున్నాడు. ఎన్ని పేజీలు తిప్పినా ఆయన మాట లేదు. హాజరు పట్టీలో పేరుంటాది, అంతే. మన క్లాసులో మహేష్ గాడు ఉన్న్యాడే సార్, 'ప్రెజెంట్ సార్' తప్ప ఇంగో మాట మాట్లాడకుండా పదో తరగతి దాటినోడు, అట్లనే.

ఒక్కరోజు మాత్రం లేచినాడు.

ఆ రోజు ఒక చట్టం వచ్చింది సభలోకి. పని లేకుండా రోడ్డు మీద తిరిగేటోణ్ణి పట్టుకోవచ్చు, జైల్లో పెట్టొచ్చు, జైల్లో నుంచి దొరల చేలకు బాడుగకు పంపొచ్చు. పని లేనోళ్లు ఎవరు సార్ ఆడ? నిన్నమొన్న వదిలిపెట్టినోళ్లే గదా. బానిసతనాన్ని వాకిట్లో నుంచి పంపించి దొడ్డిదోవలో పిలుచుకొచ్చుకునేదన్నమాట. అప్పటికి సీలయ్య జాతి మెంబర్లు ఇంగా నలుగురైదుగురు ఉన్న్యారు. ఒకాయనకు జ్వరం, ఒకాయనకు ఊర్లో పని. మిగిలినోళ్లకు మెడ నొప్పేమో, తల పైకి లేవలే. స్పీకరు అడిగినాడు, అందరికీ సమ్మతమేనా అని. సమ్మతమే, సమ్మతమే. రాసేటాయన 'ఏకగ్రీవంగా' అని కలం ముంచినాడు.

అప్పుడు లేచినాడు సార్ ఈయన. ఏం మాట్లాడినాడో రికార్డులో లేదు. పెద్ద ఉపన్యాసం ఏం కాదు, అయింటే ఉంటాది. ఉండేది ఇంతే: 'పెటిగ్రూ గారు అభ్యంతరం తెలిపిరి. ఒక్కరు తప్ప సభ యావత్తూ ఆమోదించినది.'

అంతే. చట్టం పాసైపాయ. ఏమీ ఆపలే ఆయన. ఒక్క మాట రాకుండా ఆపినాడు, 'ఏకగ్రీవంగా' అనే మాట.

అది చదివిన దినం నాకు నిద్ర పట్టలే సార్. పొద్దున్నే క్లాసుకు పోయి పాఠం పక్కన పెట్టి ఇదంతా చెప్పినా. ఎట్ల చెప్పినాననుకున్నారు! గొంతు పోయింది. చరిత్రను నిలబెట్టేది మెజారిటీ కాదు, నిరాకరించే ఒక్క గొంతు అన్యా. మౌనం అంగీకారం కాదు, మౌనం నేరం అన్యా. జమ్మలమడుగులో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ గోడ మీద చదివినవన్నీ వచ్చేసినాయి నోట్లోకి. అంతా అయినాక శిల్ప అని, ముందు బెంచీ పిల్ల, చెయ్యెత్తింది. 

"సార్, దీంట్లో నుంచి బిట్ వస్తాదా?"

నేనేం చెప్పాల? "రాదు" అన్యా. పెన్నులన్నీ మూతలు పడినాయి.

ఆ పొద్దే అనుకున్నా సార్, ఇది క్లాసులో చెప్పే కథ కాదు, ఊర్లో చెయ్యాల్సిన పని అని. మా ఊర్లో పంచాయతీకి ఓటేసినోడు ఒక్కడన్నా ఉన్న్యాడా చెప్పండి? ఎమ్మెల్యేకి ఏస్తారు, ఎంపీకి ఏస్తారు. పంచాయతీ ఎలక్షన్ వస్తే పెద్దింట్లో కూర్చొని ఒక పేరు అనుకుంటారు. తెల్లారేసరికి ఏకగ్రీవం. దానికి సర్కారు బహుమతి కూడా ఇస్తాది. ఊరంతా నోర్మూసుకున్నందుకు బహుమతి! మా నాయన తల నెరిసింది సార్, మా ఊరి సర్పంచిని మా నాయన వేలు ఎప్పుడూ ఎన్నుకోలే.

గెలుస్తానని ఏయలే నామినేషన్. ప్రమాణం చేస్తా కావాలంటే. ఒక్క ఓటు పడినా చాలు. పోలింగు జరిగితే చాలు. బడికాడ క్యూ కడితే చాలు. 

నామినేషన్ ఏసి, నేరుగా ప్రొద్దుటూరు పోయినా, ఫ్లెక్సీ కొట్టించేదానికి. శరత్ చంద్ర ఫ్లెక్సీలు చూసినారు గదా, పైన ఒక వరస మొగాలు, పక్కన ఇంగో వరస, మద్దెలో ఈయన దండం పెట్టుకొని. నాకు పైన పెట్టుకునేదానికి ఎవరున్న్యారు? సీలయ్యను పెట్టినా.

షంషుద్దీన్ భాయ్ కొట్లో జరిగింది వింటే మీరు నిజంగానే నవ్వుతారు. ఫోటో చూసి, "ఎవరబ్బీ ఈయన?" అన్న్యాడు.

"లీడరు భాయ్."

"ఏ పార్టీ?"

"పార్టీ కాదు. అమెరికా."

"అమెరికా అయితే కలర్ ఫోటో ఉంటాది గదప్పా?"

"నూటయాభై ఏండ్ల కిందటి మనిషి భాయ్."

"ఓ... పోయినాడా?" గొంతు తగ్గించినాడు. "దినాలెప్పుడు?"

నేను నవ్వి, కూర్చొని, ఫోటో కింద ఏయాల్సిన నినాదం చెప్పినా. 'ప్రశ్నించడమే ప్రజాస్వామ్యం.' కంప్యూటర్ కాడ నయీం కొడతాండాడు. నేను ఎనక నిలబడి ఒత్తులు సరిగ్గా పడినాయా లేదా అని చూస్తాండా. శి కింద న ఒత్తు, జా దీర్ఘం, అన్నీ చూసినా. నయీం అలవాటు కొద్దీ తెలుపు నలుపు ఫోటో పడంగానే కింద రెండు దీపాలు పెట్టినాడు. అటొకటి, ఇటొకటి. అది చూళ్లే సార్ నేను! ఒత్తులు చూసినా, దీపాలు చూళ్లే.

ఊర్లో బస్టాండు కాడ కట్టి ఇంటికి పోయి పడుకున్నా. మా ఇంట్లో పెద్దాయన పోయినాడు, ఫ్లెక్సీ కట్టినారు అని ఎవరో ఫోన్ చేసినారంట, పొద్దున్నే లింగాల నుంచి మా అత్త అన్నపూర్ణమ్మ ఆటోలో దిగింది. దిగడం కాదు, ఆటోలో నుంచే ఏడ్చుకుంటా వచ్చింది. "అన్నా, నారాయణన్నా, ఎంత పని చేస్తివి..." మా నాయన పేరే సార్. మా నాయన కొట్టంలో బర్రెకు పాలు పిండుతాండాడు. చెంబు పట్టుకొని బయటికొచ్చినాడు. ఆమె చూసింది. ఏడుపు మద్దెలో ఆగిపాయ.

"నువ్వు బాగానే ఉండావే! మరి పోయిందెవురు?"

"అమెరికాలో ఒకాయన" అనింది మా అమ్మ.

"మనకేమైతాడు?"

మా అమ్మ నన్ను చూసింది. మా నాయన నన్ను చూసినాడు. మనకేమైతాడని చెప్పాల సార్? 'సకల పీడితులూ నా బంధువులే' అని ఒకప్పుడు నేనే ఒక మీటింగులో అరిచినా. ఆ మాట మా అత్త ముందర రాలే నోట్లో నుంచి. ఆమె లింగాల నుంచి ఏడ్చుకుంటా వచ్చింది పాపం.

ఆ పూటంతా పలకరింపులే. ఒకరు పోతే ఒకరు. ఫ్లెక్సీకి ఎవరో బంతిపూల దండ కూడా ఏసినారు, అది ఎగతాళికి కాదు, నిజంగానే ఏసినారు. ఆనక శరత్ చంద్ర వచ్చినాడు. బెంగళూరులో కాంట్రాక్టులు చేసుకునే మనిషి, నామినేషన్ కోసమే వచ్చుండాడు. చేతిలో పెద్ద గులాబీల దండ. నాతో, "తమ్ముడూ, మీ తాత పోయినాడంట గదా, శానా బాధపడినా" అన్న్యాడు. దండ ఏసి, చెప్పులు విడిచి, రెండు నిమిషాలు మౌనం పాటించినాడు. ఎనకుండే మందంతా పాటించినారు. ఒకడు వీడియో తీస్తాండాడు. సాయంత్రానికి అందరి ఫోన్లలో అదే స్టేటస్. 'అమెరికా తాతకు అశ్రునివాళి.'

నాకూ నవ్వొచ్చింది సార్, అబద్ధమెందుకు. కానీ జనం ఊరికే ఉండరు గదా. నవ్వినాక అడుగుతారు, ఇంతకీ ఎవరాయన అని. టీ అంగట్లో అడిగినారు, కొళాయి కాడ ఆడోళ్లు అడిగినారు. అడిగినోళ్లకల్లా చెప్పినా. క్లాసులో చెప్పినట్ల కాదు. గొంతు లేకుండా, మామూలుగా. అందరూ ఊ అన్న్యారంట, ఈయన ఒక్కడు ఊహూ అన్న్యాడంట. అంతే కథ.

మా పక్కింటి దిల్షాద్‌బీ కుట్టుమిషన్ ఆపి మరీ వినింది. "అంటే యశ్వంతూ, గెలవక్కర్లేదా?" అనింది.

"అక్కర్లేదు బీ. కాదు అనే మాట ఒకటి ఉంటే చాలు."

"అంతేనా? అది నాకూ వస్తాది" అనింది.

ఈ కథ వినకముందే, పక్కింటి పిల్లోడని నా నామినేషన్‌ను ప్రతిపాదించింది ఆమే సార్. పేపర్లో సంతకం చూసింటారు మీరు, కుట్టు మాదిరి సన్నగా ఉంటాది.

రెండు రోజుల్లో ఊర్లో మాట మారిపాయ. కుర్రోళ్లు 'సీలయ్య పార్టీ' అంటాండారు. ముందు ఎగతాళికే అన్న్యారు. ఆనక ఎగతాళి ఎప్పుడు పోయిందో తెలీదు, మాట మిగిలింది. ముసలోళ్లు కూడా, "పోలింగు ఉంటాదంటనే ఈసారి?" అని అడుగుతాండారు. పెద్దింట్లో మాత్రం నవ్వు ఆగిపాయ.

మా అమ్మ ఒక్కతే అడిగింది సరైన ప్రశ్న. ఆమె పేరు పెంచలమ్మ, మీకు తెలుసు, పేరెంట్స్ మీటింగులకు వచ్చేది. అన్నం పెడతా అడిగింది. "ఆయప్ప కాదన్న్యాడు సరే. కాదంటే వాళ్ల ఊరోళ్లు ఊరకుండినారా?"

"లేదుమా. ఆ వారంలోనే ఆయన కొట్టం కాల్చినారు. ఎండబెట్టుకున్న చెక్కంతా కాలిపాయ."

మా అమ్మ ఇంగో ముద్ద పెట్టింది. "మరి మన తోటకు కాపలా ఎవురు?"

నేను తినేసి చెయ్యి కడుక్కున్నా సార్. 

మా చీనీతోట, బత్తాయి అంటారే, అది మీరు చూసినారు. ఎండాకాలం సెలవుల్లో ఒకసారి వచ్చినారు, కాయలు కోసిచ్చింది మా అమ్మ. ఎక్కువ లేదు, మాకు ఉండేదే అది. బోరు ఎండిపోతే ట్యాంకరు నీళ్లు తోలి బతికించినారు మా అమ్మా నాయనా. ఈ పక్కల ఎవరికైనా ఎవరిమీదైనా కోపం వస్తే మనుషుల జోలికి పోరు, అది పాతకాలం. చెట్ల జోలికి పోతారు. మనిషిని కొడితే కేసు. చెట్టును నరికితే, ఎవరు చూసినారు?

మొన్న పొద్దున మా నాయన పోయి చూసినాడు. గేటు కాడ మొదటి చెట్టు. ఒక్కటే సార్. రంపం మిషన్‌తో కోసినారు, నున్నగా, వడ్రంగి చేసినట్లు. కాయల్ని తొక్కలే. కుప్పగా పక్కకు నెట్టినారు. ఇంగో సంగతి చెప్తా, అది నేను ఎవరికీ చెప్పలే. డ్రిప్పు పైపు ఉంటాది గదా, చెట్టు మొదట్లో? దానికి దెబ్బ తగలకుండా పక్కకు జరిపి కోసినారు. పైపుకు చిన్న గీత కూడా పడలే. మిగతా చెట్లకు నీళ్లు పారాల గదా. మిగతావి ఇంగా ఉండాయి, చూసుకో, అని.

మొద్దు మీద నా ఫ్లెక్సీ కప్పినారు. బస్టాండు కాడినుంచి విప్పుకొచ్చి. నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముడత లేకుండా. సీలయ్య పైకి చూస్తాండాడు. రెండు దీపాలూ అటూ ఇటూ. ఆ పొద్దు ఆ దీపాలు సరిగ్గా సరిపోయినాయి సార్.

ఎవరు కోసినారో నేను చూళ్లే. స్టేషన్లో కూడా అదే అడిగినారు, చూసినావా అని. చూళ్లే. అయితే పో అన్న్యారు. శరత్ చంద్ర కూడా వచ్చినాడు తోటకాడికి. నిజంగానే బాధపడినట్లు మొగం పెట్టి, "ఎవరు నాన్నా ఇంత పని చేసింది, చెట్టు పాపం ఏం చేసింది" అన్న్యాడు. ఈసారి చెప్పులు విడవలే.

కోపం రావాల గదా సార్ నాకు? వస్తాదని చూసినా. 'పోరాడితే పోయేదేముంది' అని మా కాలేజీ గోడ మీద ఎర్రరంగుతో రాసుండేది. నేనే రంగు డబ్బా పట్టుకున్నా రాసేటప్పుడు. పోయేదేముంది? చీనీచెట్లు పోతాయి. అది రాసినోళ్లకు తోటల్లేవేమో. నాకు మాత్రం తోట యాడుంది? మా అమ్మది.

మా అమ్మ గంప తీసుకొని తోటకొచ్చింది. కుప్పకాడ కూర్చొని కాయలు ఏరింది. పచ్చివి సార్, పులివెందుల మార్కెట్ యార్డులో ఎవరూ ముట్టరు. ముట్టరని ఆమెకు తెలుసు. అయినా ఏరి గంపకెత్తింది. ఆనక ఫ్లెక్సీ మడతపెట్టి చంకలో పెట్టుకుంది.

మా నాయనే మాట్లాడినాడు నిన్న. "నేను నిన్ను తప్పుకోమని చెప్పనురా. నువ్వు చదువుకున్నోడివి. చీనీమొక్క పెడితే కాపుకొచ్చేదానికి ఐదేండ్లు. సర్పంచి ఎక్కితే దిగేదానికి ఐదేండ్లు. ఏది కాచుకుంటావో నువ్వే చూసుకో."

చెప్పండి సార్, దీనికి మీ సివిక్స్ పుస్తకంలో జవాబుందా? నా పాలిటీ నోట్సులో లేదు.

పొద్దున నేను బండి తీస్తాంటే దిల్షాద్‌బీ వాకిట్లో నిలబడింది. యాడికి పోతాండానో అడగలే. "పోలింగు రోజు కట్టుకుందామని చీర ఇస్త్రీ చేయించుకున్నా" అనింది. "ఇస్త్రీ యాడికి పోతాదిలే, పెండ్లికి కట్టుకుంటా." అట్లని లోపలికి పాయ. మిషన్ చప్పుడు మొదలైంది. తిట్టింటే బాగుండు సార్. ఎందుకు తిట్టరు ఈ మనుషులు?

ఆ... ఇంగొక్కటి మిగిలింది సీలయ్యది. ఇది ఊర్లో ఎవరికీ చెప్పలే. చెప్పబుద్ధి కాలే.

కొట్టం కాలినాక ఆయన మళ్ల ఎలక్షన్లో లేడు. కప్పుల పనికే పోయినాడు. కొన్నేండ్లకు ఆ శాసనసభ భవనం కారడం మొదలుపెట్టింది. మెంబర్ల నెత్తిన వాన. ఆ పని బాగా తెలిసినోడు ఎవడంటే ఈయనే. పిలిపించినారు. పోయినాడు సార్! ఆ సభకే పోయి, నిచ్చెనేసుకొని ఎక్కి, పాత చెక్క పీకి, కొత్తది కొట్టి, దిగి వచ్చినాడు. 'కప్పు మరమ్మతు, ఎస్. పెటిగ్రూ' అని ఉంది ఖర్చుల్లో.

అది చదివినప్పుడు నాకు ఎంత మంటెత్తిందనుకున్నారు! నిన్ను తరిమినోళ్ల నెత్తిన వాన పడకుండా నువ్వు కాపాడతావా? నేనైతే ఆ బొక్క ఇంగా పెద్దది చేసి వచ్చేవాణ్ణి అనుకున్నా. ఆ ముక్క దాచిపెట్టి మిగతా అంతా చెప్పుకుంటా తిరిగినా. నా ఫ్లెక్సీ వీరుడు నిచ్చెనెక్కి దొరల కప్పుకు మేకులు కొడతాంటే బాగుంటాదా?

ఇప్పుడు మంట లేదు. ఇంట్లో ఎవరో ఉండింటారు సార్ ఆయనకు. గంపలో ఏదో ఏరుకునేటోళ్లు. అది రికార్డులో ఉండదు గదా.

ఏంది సార్? అడగాల, అడగండి. రూలు ప్రకారం మీరు అడగాల, నేను చెప్పాల. ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగానే తప్పుకుంటాండానా?

ఎవరి ఒత్తిడీ లేదు సార్. ఎవరూ నన్ను ఒక్క మాట అనలే. ఒక్క చెయ్యి నా మీద పడలే. గేటు కాడ ఒక చెట్టు ఉన్నింది, ఇప్పుడు లేదు. అంతే. నా ఇష్టమే. రాసుకోండి.

నా మొగం చూడండి సార్, కిటికీలోకి ఎందుకు చూస్తారు? మిమ్మల్ని ఏమీ అననులే. మీ చేతిలో ఏముంది? మీరు రాసేటాయన. కలం ముంచి కూర్చునుండేటాయన. ఆ సభలో కూడా రాసేటాయన పేరు ఎక్కడా లేదు. ఆయనకూ రిటైర్మెంట్ దగ్గరపడింటాది.

ఇదిగో, పెట్టినా. యశ్వంత్. ఒత్తు సరిగ్గా పడిందా చూసుకోండి. ఒత్తులు బాగా చూస్తా నేను.

ఇంగ పిలవండి వాళ్లను. చదవండి. ఆ... ఒక్క నిమిషం. వాళ్లు లోపలికి రాకముందు. మీరు 'ఏకగ్రీవంగా' అని రాసేముందు నేనొక మాట అంటా. రాయక్కర్లేదు. మీరు వింటే చాలు. వినకపోయినా పర్లేదు, అన్నం తింటా ఉండండి.

అభ్యంతరం.

అంతే సార్. ఇంత చిన్న మాట. నోట్లో నుంచి వచ్చినట్లు కూడా తెలీలే.

పోతా. చినుకులు పడుతాండాయి. కొట్టం మీద రేకు చిల్లు పడింది, ఫ్లెక్సీ మంచి షీటు, వానకు ముందే కప్పేయమని మా అమ్మ పొద్దున్నే చెప్పింది. సీలయ్య మొగం పైకా, కిందికా అని నేనడగలే.

కిందికే పెడతా సార్. బర్రెలన్నా చూస్తాయి.